సన్నరంపం సంఘం

పిల్లలూ! గూడబాతు బొమ్మను కాగితం మీద మీలో చాలామంది గీయగలరు. ఆ గూడబాతు కాగితం మీంచి లేచివచ్చి మీ బల్ల మీద నిలబడాలంటే ఏం చెయ్యాలి? ఒక పల్చటి చెక్క, ఒక సన్నరంపం, కాస్త ఓర్పు ఉంటే చాలు. కాని ఈ నెల చెప్పబోయేది ఒక్క బొమ్మ సంగతి కాదు. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో, కొల్లేటి లంకల్లోనో ఉండే ఎనిమిదిమంది పిల్లలు ఒకే ఒక రంపంతో సంఘం పెట్టుకుని, దాన్ని ఏడాది పొడుగునా ఎట్లా నడపవచ్చునో చెబుతాను. ఆ ఎనిమిదిమందీ కలిసి కొయ్యదగిన పెద్ద పని ఒకటి చివర ఉంది. అది మన కొల్లేరే.

రంపం సంగతి

వడ్రంగి మేస్త్రిగారి రంపాన్ని మీరు చూసే ఉంటారు. దాని రేకు నాలుగు వేళ్ళ వెడల్పు ఉంటుంది. అది తిన్నగా ఎంత దూరమైనా కోస్తుంది గాని, వంపు తిరగదు. ఎందుకు తిరగదు? వెడల్పాటి రేకు తాను కోసుకున్న సందులో తానే ఇరుక్కుని ఉంటుంది గనక. రేకు ఎంత సన్నమైతే అంత చిన్న వంపు తిరుగుతుంది. ఈ కిటుకు మీదనే సన్నరంపం పుట్టింది. దీని రేకు అగ్గిపుల్లకంటె సన్నం. అంత సన్నటి రేకు తనంత తాను నిలబడలేదు కాబట్టి, విల్లులాగా వంచిన ఇనప చట్రానికి రెండు కొసలా మరలు పెట్టి బిగిస్తారు. దుకాణంలో ‘ఫ్రెట్ సా’ అని అడగండి.

కరెంటుతో ఇదే పని చేసే యంత్రాన్ని ‘స్క్రోల్ సా’ అంటారు. దాని పని తెలియాలంటే కుట్టుమిషనును తలుచుకోండి. మిషనులో సూది ఒకేచోట పైకీ కిందికీ ఆడుతుంది, గుడ్డను మనం తిప్పుతాం. స్క్రోల్ సాలో సూదికి బదులు రంపపు రేకు ఆడుతుంది, గుడ్డకు బదులు చెక్కను తిప్పుతాం. కరెంటు రాకముందు అమెరికాలో వీటిని కుట్టుమిషనులాగే కాలితో తొక్కి నడిపేవారు. 1870 తరవాత ఆ కాలిరంపాలు అక్కడ ఎన్నో ఇళ్ళకు చేరాయి. ఇంగ్లండులో 1895లో ‘హాబీస్’ అనే వారపత్రిక ఒకటి మొదలైంది. చెక్క మీద అంటించి కోసుకునే నమూనా కాగితాలను ఆ పత్రికతో పాటు పంచేవారు. బడి పిల్లలూ, పెద్దవాళ్ళూ కూడా వాటిని పట్టుకుని సన్నరంపాలతో పటాల చట్రాలూ, పెట్టెలూ, గడియారపు గూళ్ళూ కోసేవారు.

మన సంఘానికి యంత్రం అక్కర్లేదు. చేతిరంపం చాలు. దానితో పాటు రెండు మరబిగింపులు, ఒక చిన్న బరమా, ఒక ఆకురాయి, గరుకు కాగితం, ఒక డజను రేకులు కావాలి. ఇంకొక ముఖ్యమైన సాధనం మీరే చేయించుకోవచ్చు. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు గల గట్టి పలక తెచ్చి, దాని ఒక కొసన మూడు మూలల గంటు కొట్టించండి. ఈ పలకను బల్ల అంచుకు బిగిస్తే గంటు ఉన్న కొస బల్ల బయటికి వస్తుంది. కొయ్యవలసిన చెక్కను ఆ గంటు మీద పెట్టి, రంపాన్ని గంటు మధ్య ఆడిస్తారు. చెక్కకు రెండు పక్కలా ఆధారం ఉంటుంది గనక అది ఊగదు, విరగదు.

రేకు బిగించేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. ఒకటి: రేకు పళ్ళు కిందికి, అంటే పిడి వైపుకు, చూస్తూ ఉండాలి. అప్పుడు రంపాన్ని కిందికి లాగినప్పుడే కోత పడుతుంది, ఆ లాగుడుకు చెక్క పలకకు అదుముకుని ఉంటుంది. పళ్ళు పైకి ఉంటే ప్రతి కోతకూ చెక్క ఎగిరిపడుతుంది. రెండు: రేకును వేలితో మీటితే తంబురా తీగలాగా ‘టింగు’మనాలి. ‘డబ్’ అంటే రేకు వదులన్నమాట. వదులు రేకు గీత తప్పుతుంది, తొందరగా తెగుతుంది కూడాను.

చెక్క సంగతి

ఏ చెక్కలు కొయ్యాలి? ఈ విషయం మనవాళ్ళకు తెలిసినట్టు ఎవరికి తెలుసు! విజయవాడకు అవతల ఉన్న కొండపల్లిలో తరతరాలుగా బొమ్మలు చేస్తున్నారు. వాళ్ళు వాడేది తెల్ల పొణికి. అది బాగా తేలికైన చెక్క, మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది. చెక్కలో తడి ఉంటే తరవాత బొమ్మ పగులుతుంది కాబట్టి, ముందుగా దాన్ని ఎండబెట్టి, సన్నటి సెగ చూపి, తడినంతా లాగేస్తారు. ఏనుగు ఒంటినీ తొండాన్నీ, మనిషి మొండాన్నీ చేతులనూ విడివిడిగా చెక్కి అతుకుతారు. ఆ అతికించే ముద్ద పేరు మక్కు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి దాన్ని చేస్తారు. చూశారా, కోసినప్పుడు రాలిన పొట్టు కూడా వాళ్ళకు పారెయ్యవలసిన వస్తువు కాదు!

పొణికి అన్నిచోట్లా దొరకదు. మనకు మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ నిక్షేపంగా సరిపోతుంది. కొత్త పలక కొననక్కర్లేదు. బల్లలూ బీరువాలూ చేసే దుకాణాల్లో మిగిలిపోయే ముక్కలు మంచిగా అడిగితే ఇస్తారు.

ప్లైవుడ్‌కూ మామూలు చెక్కకూ ఒక తేడా ఉంది. చెట్టు కర్రలో నార అంతా ఒకే వైపు నడుస్తుంది. నార వెంబడి కర్ర బలంగా ఉంటుంది, నారకు అడ్డంగా కోసిన సన్నటి ముక్క పుటుక్కున విరుగుతుంది. ప్లైవుడ్‌లో పల్చటి పొరలను ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా, అంటే ఒక పొర నార నిలువుగా, దాని పై పొర నార అడ్డంగా ఉండేట్టు అతికిస్తారు. అందుకని అది ఏ వైపునా సుళువుగా చీలదు. మీరు మామూలు చెక్క మీద గూడబాతును కోస్తే, దాని పొడుగాటి ముక్కు నార వెంబడి పడేట్టు బొమ్మను అంటించండి. అడ్డంగా పడితే ముక్కు విరిగి, గూడబాతు కాస్తా కోడిపెట్ట అవుతుంది!

కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో గాలిలో తడి ఎక్కువ. వానాకాలంలో చెక్క ఆ తడి పీల్చుకుని నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో మళ్ళీ తగ్గుతుంది. ఇళ్ళలో తలుపులు శ్రావణంలో పట్టెయ్యటానికీ, వేసవిలో వదులు కావటానికీ కారణం ఇదే. కాబట్టి చెక్కలను నేల మీద పెట్టక, గోడకు ఆనించక, అటక మీద పడుకోబెట్టి ఉంచండి. రేకులకు తుప్పు పట్టకుండా, మిషను నూనె రాసిన గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టుకోండి.

ఎనిమిదిమంది, నాలుగు పనులు

ఇక సంఘం. మన తెలుగుదేశంలో పిల్లల సంఘాలు కొత్త కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను ఒకప్పుడు పిల్లలంతా ‘రేడియో అన్నయ్య, అక్కయ్య’ అని పిలిచేవారు. వారు బాలానంద సంఘాన్ని పెట్టి, 1945లో ‘బాల’ అనే పత్రికను కూడా నడిపారు. పాటలు, ఆటలు, నాటకాలు — ఏ పనైనా పిల్లలు పదిమంది కలిసి చేస్తే దాని రుచే వేరని వారి నమ్మకం. ఆడపిల్లలూ మగపిల్లలూ అన్న తేడా మన సంఘంలోనూ ఉండదు. రంపానికి కావలసింది కండబలం కాదు, నిదానం.

“రంపం ఒకటే ఉంది, ఎనిమిదిమందికి ఎట్లా చాలుతుంది?” అని మీరు అడగవచ్చు. లెక్క చూడండి. చెక్కబొమ్మ తయారు కావటానికి నాలుగు పనులున్నాయి: బొమ్మ గీసి చెక్కకు అంటించటం, బరమాతో బెజ్జాలు వెయ్యటం, రంపంతో కొయ్యటం, గరుకు కాగితంతో నునుపు చేసి రంగు వెయ్యటం. ఎనిమిదిమంది జతలు జతలుగా విడిపోతే నాలుగు జతలవుతాయి. ఆదివారం పొద్దున రెండు గంటలు కూర్చుంటే, ఒక్కొక్క జత ఒక్కొక్క పని అరగంట చొప్పున చేసి పక్క పనికి మారుతుంది. రెండు గంటల్లో అందరూ అన్ని పనులూ చేస్తారు, రంపం ఒక్క నిమిషం ఖాళీగా ఉండదు, ఒక్కరూ ఊరికే కూర్చోరు. రంపం దగ్గర అరగంటలో ఒకరు కోస్తూ ఉంటే జతగాడు గీత చూస్తూ ఉంటాడు, పావుగంట కాగానే మార్చుకుంటారు.

చోటు కావాలి. వెలుతురు బాగా వచ్చే అరుగు గాని, పెంకుటింటి పంచ గాని, బడిలో వాడుకలో లేని గది గాని చాలు. ఒక బరువైన బల్ల ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం ఒక పెద్దవారు. మీ వీధిలో వడ్రంగి మేస్త్రిగారు ఉంటే వెళ్ళి, “తాతా, మాకు రంపం పట్టుకోవటం నేర్పుతావా?” అని అడగండి. లంకల్లో అయితే దోనెలు చేసేవారూ, వాటిని బాగు చేసేవారూ ఉంటారు. తాటి మొద్దును దొలిచి నీళ్ళ మీద తేలే దోనెను చేసిన మనిషికి కర్ర నార సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. ఆయన దగ్గర ఒక గంట కూర్చుంటే, నేను నాలుగు పేజీల్లో చెప్పలేనిది మీకు తెలుస్తుంది.

సంఘానికి నియమాలు ఎక్కువ వద్దు. ఈ అయిదు చాలు:

1. రంపం సంఘానిది. అది ఒకరి ఇంటికి పోదు.

2. రేకు తెగితే చెప్పాలి, పుస్తకంలో రాయాలి. జరిమానా లేదు.

3. ఆలస్యంగా వచ్చినవారు తమ జత ఆ వేళకు ఏ పనిలో ఉంటే అందులో చేరాలి. గడిచిన వంతు తిరిగి రాదు.

4. చివరి పది నిమిషాలూ అందరూ ఊడవాలి, సామాను లెక్కపెట్టి పెట్టెలో పెట్టాలి.

5. చేసిన ప్రతి మూడో వస్తువూ ఇంకొకరికోసం చెయ్యాలి.

రెండో నియమం చూసి మీకు ఆశ్చర్యం కలిగిందేమో. సన్నటి రేకులు తెగుతూనే ఉంటాయి, మేస్త్రిగారి చేతిలో అయినా సరే. జరిమానా పెడితే ఏమవుతుంది? కొత్తగా చేరినవాడు రంపం ముట్టటానికే జంకుతాడు, తెగ్గొట్టినవాడు దాచిపెడతాడు. జరిమానా లేక, పుస్తకంలో రాస్తే ఒక లాభం ఉంది. నెల తిరిగేసరికి ఏ చెక్కకు ఎన్ని రేకులు పోయాయో, ఎటువంటి వంపు దగ్గర తెగుతున్నాయో మీకే తెలుస్తుంది. అదే శాస్త్రజ్ఞులు చేసే పని.

అయిదో నియమం సంఘానికి ప్రాణం. మొదటి నెల ఎవరి బొమ్మ వారికి ముద్దు. రెండో నెలకు ఇంట్లో గూడు నిండుతుంది. మూడో నెలకు, “ఇంక ఏం చేస్తాం?” అని ఒకరు మానేస్తారు. సంఘాలు ఆగిపోయేది రంపం పోయి కాదు, పని పోయి. అంగన్‌వాడీలో చిన్నపిల్లలకు అక్షరాలు కావాలి. చూపు లేనివారు చేత్తో తడిమి తెలుసుకునే పటాలు కావాలి. బడిలో త్రికోణాలూ వృత్తాలూ కావాలి. ఇట్లా అడిగేవారు ఉన్నంతకాలం సంఘం నడుస్తుంది.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1930 తరవాత అమెరికాలో పనులు దొరకని గడ్డుకాలం వచ్చింది. అప్పుడు కొందరు వడ్రంగులు పల్చటి చెక్కకు రంగుల బొమ్మలు అంటించి, సన్నరంపంతో ముక్కలు ముక్కలుగా కోసి, ఆ ముక్కల బొమ్మలను పుస్తకాలు అరువిచ్చినట్టు అద్దెకు ఇచ్చేవారు. ఒక ఇంట్లో పేర్చటం అయిపోగానే అది ఇంకొక ఇంటికి పోయేది. మీరూ బడిలో అట్లా చెయ్యవచ్చు. వచ్చిన చిల్లరతో రేకులు కొనుక్కోవచ్చు. ముక్కలు ఎన్నో పెట్టె మీద రాసిపెట్టుకుని, తిరిగి వచ్చినప్పుడు లెక్కచూసుకోవటం మాత్రం మరవకండి!

నేర్చుకునే వరస

మొదటి ఆదివారం బొమ్మలు వద్దు. చెక్క మీద ఒక తిన్నని గీత, ఒక అలల గీత, ఒక మెట్ల గీత గీసి అవే కొయ్యండి. రంపాన్ని ముందుకు నెట్టవద్దు. నిదానంగా పైకీ కిందికీ ఆడిస్తే దారి అదే చేసుకుంటుంది. మూల తిరగవలసినచోట రంపాన్ని ఆపకుండా, ఉన్నచోటనే ఆడిస్తూ, చెక్కను మెల్లిగా తిప్పండి. ఆపి తిప్పితే రేకు మెలిపడి తెగుతుంది. రేకుకు అప్పుడప్పుడు కొవ్వొత్తి మైనం రాస్తే సుళువుగా ఆడుతుంది.

రెండో ఆదివారం చేప, మూడో ఆదివారం గూడబాతు. నాలుగో ఆదివారం లోపలి కోత. చేప కన్ను కొయ్యాలంటే అంచునుంచి పోవటానికి వీల్లేదు గదా! బరమాతో చిన్న బెజ్జం వేసి, రేకును ఒక కొసన విప్పి, బెజ్జంలోంచి దూర్చి, మళ్ళీ బిగించి కొయ్యాలి. పాత మండువా ఇళ్ళలో తలుపుల పైన వెలుతురుకోసం పెట్టిన చెక్క జాలీలు కనిపిస్తే నిలబడి చూడండి. అందులో ఎన్ని లోపలి కోతలున్నాయో లెక్కపెట్టండి.

మీరు రంపాన్ని నిటారుగా పట్టారో లేదో తెలుసుకోవటానికి ఒక పరీక్ష ఉంది. కోసిన ముక్కను దాని సందులోంచి పైకి తోసి చూడండి, కిందికి తోసి చూడండి. రెండు వైపులా జారితే కోత నిటారుగా పడింది. ఒక వైపే జారి రెండో వైపు పట్టేస్తే, రంపం వాలిందన్నమాట. ఈ పరీక్షలో అందరూ నెగ్గాకే పెద్ద పనికి పూనుకోవాలి.

జాగ్రత్తలు చెప్పకుండా ముందుకు పోను. కోసేటప్పుడు ఎడమ చెయ్యి రేకుకు ఎదురుగా ఉండకూడదు, పక్కన ఉండాలి. కళ్ళకు అద్దాలు పెట్టుకోండి, రేకు తెగితే ముక్క ఎగురుతుంది. ముక్కుకూ నోటికీ రుమాలు కట్టుకోండి, సన్నటి పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు. జడ ముడివేసుకోండి, చున్నీ తీసి పెట్టండి. పెద్దవారు పక్కన లేనిదే పని మొదలుపెట్టవద్దు. కరెంటు యంత్రాన్ని వారు పక్కన ఉండి నేర్పితే తప్ప అసలే ముట్టుకోవద్దు.

ఇప్పుడు కొల్లేరు

1760 ప్రాంతాల్లో లండనులో జాన్ స్పిల్స్‌బరీ అని ఒక పనివాడు ఉండేవాడు. దేశపటాలు చెక్కి అచ్చువెయ్యటం ఆయన వృత్తి. ఆయన ఒక పటాన్ని పల్చటి చెక్క మీద అంటించి, దేశాల సరిహద్దుల వెంబడి సన్నరంపంతో కోసేశాడు. పిల్లలు ఆ ముక్కలను తిరిగి పేరుస్తూ ఏ దేశం పక్కన ఏ దేశం ఉందో నేర్చుకునేవారు. ఈనాటి ముక్కల బొమ్మలన్నిటికీ తాత అదే. మన సంఘం ఆయన దారినే పోయి కొల్లేటి సీమను కొయ్యాలి.

ఒక అడుగు చదరపు ప్లైవుడ్ పలక తీసుకోండి. ఇంతకంటె పెద్దది ఎందుకు వద్దంటే, రంపపు విల్లు లోతు ఎంతో అంత దూరమే అది అంచునుంచి లోపలికి పోగలదు. ఆరంగుళాల లోతు ఉన్న విల్లు అడుగు పలకలో సరిగ్గా మధ్యకు అందుతుంది. ఇప్పుడు సెంటీమీటరుకు రెండు కిలోమీటర్ల చొప్పున పటం గీయండి. ఏలూరునుంచి తాడేపల్లిగూడెం రమారమి 24 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. కొల్లేటి అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. పటం మీద ఒక చదరపు సెంటీమీటరంటే నాలుగు చదరపు కిలోమీటర్లు కదా! 308ని నాలుగుతో భాగిస్తే 77. అంటే కొల్లేరు మీ అరచేయంత ముక్క అవుతుంది.

పటాన్ని ఎనిమిది ముక్కలు చెయ్యండి, మనిషికి ఒకటి. మధ్యన కొల్లేరు. చుట్టూ ఏలూరు, దెందులూరు, ఉంగుటూరు, తాడేపల్లిగూడెం, ఆకివీడు, కైకలూరు, మండవల్లి వైపు ముక్కలు. తమ్మిలేరూ బుడమేరూ కొల్లేటిలోకి వచ్చే దారులు, ఉప్పుటేరు కొల్లేటిలోంచి సముద్రానికి పోయే దారి రంగుతో గీయండి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరకు చేరేది ఈ కొల్లేటికే. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సు వరదనీటిని పట్టి ఉంచుకుని, ఉప్పుటేరు ద్వారా మెల్లిగా సముద్రానికి వదులుతుంది.

కొయ్యటం మొదలుపెట్టగానే మీకు ఒక చిత్రం కనిపిస్తుంది. కొల్లేరు ముక్కకు అంచు కోస్తే, అదే కోతతో కైకలూరు ముక్కకూ అంచు ఏర్పడుతుంది. కోత ఒకటే, అంచులు రెండు. కైకలూరు ముక్క కోసేవాడి చెయ్యి గీత దాటి కొల్లేటిలోకి పోయిందనుకోండి. కైకలూరు ఎంత పెరిగిందో, కొల్లేరు సరిగ్గా అంతే తరిగిపోతుంది. తరవాత ఎంత గరుకు కాగితం రుద్దినా ఆ తప్పు సర్దుకోదు. రుద్దిన కొద్దీ ముక్క వదులవుతుంది. అందుకే స్పిల్స్‌బరీ పద్ధతిలో పక్కపక్క ముక్కలవాళ్ళు ఇద్దరూ కూర్చుని, గీతను ఇద్దరూ ఒప్పుకున్నాకే రంపం పెట్టాలి.

కొల్లేటి సంగతి నిజంగా ఇట్లాగే జరిగింది. సరస్సు లోపల గట్లు వేసి చేపల చెరువులు తవ్వటం ఏటేటా పెరుగుతూ వచ్చింది. చెరువు పెరిగినంత మేరా సరస్సు తగ్గింది. 1999లో ప్రభుత్వం సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీతను హద్దుగా పెట్టి అభయారణ్యాన్ని ప్రకటించింది. 2002లో రాంసర్ ఒప్పందం కింద, ప్రపంచమంతా కాపాడుకోదగిన చిత్తడినేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో హద్దు లోపలి చెరువుల గట్లను తెగ్గొట్టించారు. నీటికి కొంత దారి దొరికింది. కాని ఆ చెరువుల మీదనే ఆధారపడిన లంకల కుటుంబాలు చాలా ఇబ్బంది పడ్డాయి. గీత ఎక్కడ ఉండాలన్న వాదన అప్పటినుంచీ తెగలేదు. గూడబాతులకూ గీత కావాలి, లంకలో పుట్టిన మీ స్నేహితుడి ఇంటికీ గీత కావాలి, రెండింటికీ ఉన్నది ఒక్క గీతే.

అందుకని కొల్లేరు ముక్కను ఎవరు కోస్తారో చీటీలు వేసి తేల్చుకోవద్దు. ఆ ముక్కకు చుట్టూ ఏడుగురు పొరుగువారున్నారు. ఏడుగురూ తమతమ గీత దగ్గర రంపం పట్టాలి. ఎనిమిదోవారు పక్కన నిలబడి, గీత దాటకుండా చూస్తూ ఉండాలి. ఆటపాకకు పోయి గూడబాతులను చూసి వచ్చినవారెవరైనా ఉంటే ఆ ఎనిమిదో పని వారికి ఇవ్వండి. అక్కడ చెట్లు చాలక, గూళ్ళు పెట్టుకోవటానికి ఇనప మంచెలు కూడా నిలబెట్టారు.

పటం పూర్తి అయ్యాక ముక్కలన్నీ బల్ల మీద పోసి, బడిలో చిన్న తరగతి పిల్లల చేత పేర్పించండి. వాళ్ళు దేన్ని ముందుగా పెడుతున్నారో, దేని దగ్గర తడుముకుంటున్నారో చూసి పుస్తకంలో రాసుకోండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి అదే పటాన్ని పేర్పించి, బిగువులో తేడా ఉందేమో చూడండి.

ఇక మీరే ఆలోచించి చెప్పవలసినవి మూడు ప్రశ్నలు:

ఎనిమిదిమందికి బదులు ఆరుగురే వస్తే, నాలుగు పనులను రెండు గంటల్లో ఎట్లా సర్దుతారు?

మూడు ప్లైవుడ్ ముక్కలను ఒకదాని మీద ఒకటి బిగించి ఒకేసారి కోస్తే ఏమి లాభం? ఏమి చిక్కు?

పటంలోంచి కొల్లేరు ముక్కను తీసేసి పలకను వంచి పట్టుకుంటే, ముందుగా ఏ ముక్క జారుతుంది? ఎందుకు?

జవాబులు పుస్తకాల్లో వెతకవద్దు. వచ్చే ఆదివారం పొద్దున మేస్త్రిగారి ఇంటికి వెళ్ళి, ఒక చెక్కముక్క అడిగి తెచ్చుకుని, చేసి చూడండి.